జేబు పిస్తోలును ఎంతవరకు నమ్మవచ్చు?

ఆయుధాలన్నిటిలోను జేబు పిస్తోలుది ఒక విచిత్రమైన ఉద్యోగం. సైనికుని తుపాకి యుద్ధరంగంలో అనుదినమూ పేలుతుంది. వేటగాని తుపాకి ఏటా కొన్ని మారులైనా పేలుతుంది. కోటు జేబులోనో, నడుము పట్టీలోనో ఇమిడే చిన్న పిస్తోలు మాత్రం ఏళ్ల తరబడి యజమాని వెంట తిరిగి, ఒక్కసారి కూడ అవసరం పడకుండానే పాతబడిపోవచ్చు. అట్లా పాతబడిపోవడమే ఆ యజమాని అదృష్టం. కాని ఏనాడో ఒకనాడు, రెండు మూడు క్షణాలపాటు, దానికి పని పడవచ్చు. ఆ క్షణంలో అది మొరాయిస్తే అంతకాలం మోసిన బరువు వృథా. పని పడని క్షణంలో తనంత తాను పేలితే మోసినవాని తొడకో, ఇంటిలోని పసిబిడ్డకో ప్రాణాపాయం. కనుక ఈ చిన్న ఆయుధం విషయంలో నమ్మకం అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. అడిగినప్పుడు పేలడం ఒకటి, అడగనప్పుడు పేలకపోవడం మరొకటి. ఈ రెండింటికీ సులభంగా పొత్తు కుదరదు. సుమారు రెండు వందల సంవత్సరాలుగా పిస్తోలు నిర్మాతలు పడుతున్న పాట్లలో చాలా భాగం ఈ తగవు తీర్చడానికే.

1835 జనవరి 30వ తేదీన వాషింగ్టను నగరంలో జరిగిన ఒక సంఘటన చూడండి. అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, మరణించిన ఒక కాంగ్రెసు సభ్యుని అంత్యక్రియల ప్రార్థన ముగించుకొని, కాపిటల్ భవనం తూర్పు మండపంలో నుంచి వెలుపలికి వస్తున్నాడు. రిచర్డ్ లారెన్స్ అనేవాడు, ఇండ్లకు రంగులు వేసే పనివాడు, అతి సమీపానికి వచ్చి పిస్తోలు ఎత్తి మీట నొక్కాడు. టోపీ పేలి చప్పుడైంది గాని గొట్టంలోని మందు అంటుకోలేదు. వెంటనే రెండవ పిస్తోలు తీశాడు. అదీ అంతే. టోపీ పేలింది, మందు మండలేదు. అరవై ఏడేళ్ల జాక్సన్ చేతికర్ర ఎత్తి వాని మీదికి వెళ్లాడు. తరువాత ఆ రెండు పిస్తోళ్లనూ పరీక్షించి చూచినప్పుడు రెండూ చక్కగా పేలాయి. ఆనాడు గాలిలో చెమ్మ హెచ్చుగా ఉన్నదనీ, మందు తడి పీల్చుకొని ఉంటుందనీ అప్పటివారు భావించారు. లారెన్స్‌కు మతి స్థిమితం లేదని న్యాయస్థానం తీర్మానించింది.

వానకాలంలో వంటింటి ఉప్పు జాడీ ఏమవుతుందో, అగ్గిపుల్ల ఎన్ని గీతలకు వెలుగుతుందో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆనాటి పిస్తోలులో మందు, గుండు, టోపీ మూడూ వేరువేరు వస్తువులు. మందును గొట్టం మూతిలో నుంచి పోసి, దానిపై గుండును దట్టించి, వెనుక ఉన్న చిన్న ముక్కు మీద రాగి టోపీ తొడిగేవారు. సుత్తి పడితే టోపీలోని రసాయనం పేలి, ఆ నిప్పు సన్నని రంధ్రం గుండా మందును చేరవలె. రంధ్రంలో నలుసు ఉన్నా, మందు చెమర్చినా అక్కడితో సరి. ఇంటిలో దట్టించి, రోజుల తరబడి ఒంటి చెమటకూ బయటి మంచుకూ ఓర్చి జేబులో తిరిగే పిస్తోలుకు ఇది పెద్ద పరీక్ష. బల్ల మీద పరీక్షిస్తే పేలిన ఆయుధం జేబులో నుంచి తీస్తే పేలుతుందని పూచీ లేదు. లారెన్స్ పిస్తోళ్లు చెప్పే పాఠం ఇదే. దీనిని నేటికీ చాలామంది మరచిపోతుంటారు.

ఆ కాలంలోనే ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల నిర్మాత అరచేతిలో మరుగుపడే పిస్తోళ్లు చేసి పేరుపొందాడు. ఆయన ఇంటిపేరును ఆంగ్లంలో ఒక్క రకారంతో రాస్తారు. అనుకరించినవారు రెండు రకారాలు పెట్టి అమ్ముకున్నారు. చివరకు అనుకరణ పేరే చిన్న పిస్తోళ్లన్నిటికీ జాతివాచకమైపోయింది! అసలు డెరింజరు పిస్తోలులో ఒకే ఒక్క గుండు. అందుచేత వాటిని తరచు జంటలుగా అమ్మేవారు. ఇంతకంటె స్పష్టమైన ఒప్పుకోలు ఏమి కావలె? 1865 ఏప్రిలు 14వ తేదీ రాత్రి ఫోర్డు నాటకశాలలో జాన్ విల్కిస్ బూత్ అబ్రహాం లింకను తల వెనుక పేల్చినది ఇట్టి పిస్తోలే. పొడవు ఆరంగుళాలకు లోపు. బూత్ తన వెంట ఒక పెద్ద కత్తిని కూడ తెచ్చుకున్నాడు. గుండు పేలిన తరువాత అడ్డు వచ్చిన అధికారిని పొడిచింది ఆ కత్తితోనే. ఆ పిస్తోలు నేటికీ అదే నాటకశాలలోని ప్రదర్శనశాలలో ఉన్నది.

రేడియోలో పనిచేసే మాకు ఈ జంట పిస్తోళ్ల నీతి అలవాటైనదే. ముఖ్యమైన ప్రసారానికి మైకు ఒక్కటే పెట్టి ఊరుకోము. కాని జేబు ఒక్కటే అయినప్పుడు రెండవ మైకు ఎక్కడ పెట్టడం?

దానికి సమాధానంగా వచ్చినది లోహపు తూటా. మందు, గుండు, టోపీ మూడింటినీ ఒక ఇత్తడి లేక రాగి డొల్లలో బిగించి మూసివేయడంతో చెమ్మ బెడద చాలావరకు తీరిపోయింది. 1866 నుంచి 1935 వరకు అమెరికాలోని రెమింగ్టను కర్మాగారం ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్న చిన్న పిస్తోలును తయారు చేసింది. మొదటి దెబ్బకు ఒక గొట్టం, రెండవ దెబ్బకు మరొక గొట్టం పేలేటట్లు లోపల చిన్న ఏర్పాటు ఉన్నది. సుమారు లక్షా యాభైవేలు అమ్ముడుపోయాయి. తూటా బలహీనమైనదే, గుండు వేగం కూడ తక్కువే. ఇక గొట్టాలను తెరిచే మడతబందు పగుళ్లు పట్టడం ఆ పిస్తోలుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఐనా డెబ్బై ఏళ్లు నిలిచినదంటే కారణం ఒకటే: అందులో కదిలే భాగాలు బహు తక్కువ. కదలనిది చెడిపోదు.

ఆ తరువాత జేబుకు దిగిన రివాల్వరుతో నమ్మకం యొక్క రెండవ అర్థం ముందుకు వచ్చింది. పాత రివాల్వరులో సుత్తి మొన సరిగ్గా తూటా టోపీ మీదనే ఆనుకొని ఉండేది. ఆయుధం కింద పడి సుత్తికి దెబ్బ తగిలితే పేలేది. అందుచేత తెలివిగలవారు ఆరు గదుల చక్రంలో ఐదే తూటాలు పెట్టి, సుత్తి కింద గదిని ఖాళీగా ఉంచుకునేవారు. ఇది యంత్రం లోపాన్ని మనిషి తన అలవాటుతో పూడ్చుకోవడం. పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలో ఐవర్ జాన్సన్ అనే అమెరికా కంపెనీ దీనికి చక్కని ఉపాయం అమలులో పెట్టింది. సుత్తి తిన్నగా సూదిని తాకదు. మీటను పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే ఒక ఉక్కు పలక పైకి లేచి, సుత్తి దెబ్బను సూదికి అందిస్తుంది. మీట నొక్కకపోతే మధ్యవర్తి లేడు, దెబ్బ అందదు. తూటాలు నింపిన రివాల్వరు సుత్తిని మరొక సుత్తితో బాదినా పేలదని ఆ కంపెనీ ప్రకటనలు వేసుకున్నది. వట్టి ప్రగల్భం కాదు, నిజమే. ఆ ఉక్కు పలక సూత్రాన్ని నేటికీ అనేక రివాల్వర్లలో చూడవచ్చు.

కాని చూడండి. 1901 సెప్టెంబరు 6వ తేదీన బఫెలో నగర ప్రదర్శనలో, చేతికి చేతిరుమాలు చుట్టుకొని వరుసలో నిలిచిన ఒకడు అధ్యక్షుడు మకిన్లీని రెండు మారులు కాల్చినది ఈ ఐవర్ జాన్సన్ రివాల్వరుతోనే. రుమాలు అడ్డు వచ్చినా అది మొరాయించలేదు. 1914 జూన్ 28వ తేదీన సారయేవో వీధిలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను చంపిన పిస్తోలు బెల్జియంలో తయారైన 1910 నమూనా బ్రౌనింగ్. అదీ జేబులో పట్టేదే, అదీ మొరాయించలేదు. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలం ఢిల్లీ బిర్లా భవనం ఆవరణలో మూడు మారులు పేలినది ఇటలీలో తయారైన 1934 నమూనా బెరెట్టా. జాక్సన్ ప్రాణాలు దక్కిన జనవరి 30వ తేదీ, నూట పదమూడు సంవత్సరాల తరువాత, మహాత్ముని పాలిట మరొక విధంగా పరిణమించింది. మధ్యకాలంలో పిస్తోలు నమ్మదగిన యంత్రమైంది. ఈ విద్యలో కలిగిన అభివృద్ధిని గురించి ఉత్సాహంగా చెప్పబోయే ఎవరికైనా గొంతు పట్టుకునే చోటు ఇదే. యంత్రం పక్షపాతం ఎరుగదు. సంస్కర్త చేతిలో ఎట్లా పేలుతుందో హంతకుని చేతిలోనూ అట్లాగే పేలుతుంది.

ఆ అభివృద్ధికి ముఖ్యకారకుడు జాన్ బ్రౌనింగ్. అమెరికాలోని యూటా రాష్ట్రంలో తుపాకులు బాగుచేసే ఇంట పుట్టి, బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారంతో చేతులు కలిపి, తనంత తాను తూటా మార్చుకునే చిన్న పిస్తోళ్లకు రూపురేఖలు దిద్దినవాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో వెలువడిన ఆయన ‘వెస్ట్ పాకెట్’ పిస్తోలు పొడవు సుమారు నాలుగున్నర అంగుళాలు. కోటు లోపలి చిన్న జేబులో ఇమిడిపోయేది. 1908 నుంచి దానినే అమెరికాలో కోల్టు కంపెనీ తయారు చేసింది. దానికి వాడిన 6.35 మిల్లీమీటర్ల తూటా, అంటే 0.25 అంగుళాలది, పరిమాణంలో 0.22 తూటాకు దగ్గరదే. అటువంటప్పుడు చౌకగా దొరికే 0.22నే వాడక మరొక తూటా ఎందుకు? కారణం నమ్మకమే. 0.22 తూటాలో పేలుడు రసాయనం డొల్ల అడుగు అంచు చుట్టూ పరచి ఉంటుంది. అంచులో ఎక్కడైనా అది పలచబడి, సూది సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. 0.25 తూటాలో రసాయనం నడిమధ్య వేరొక చిన్న గిన్నెలో ఉంటుంది. సూది దెబ్బ ఎప్పుడూ దాని మీదనే పడుతుంది. శక్తిలో పెద్ద తేడా లేకపోయినా, పేలుతుందన్న నిశ్చయంలో తేడా ఉన్నది.

ఇక యంత్రం నడిచే తీరు కొంచెం వివరంగా చెప్పవలె, ఎందుకంటే చిన్నతనానికీ నమ్మకానికీ ఉన్న శత్రుత్వం అంతా ఇక్కడనే ఉన్నది. తూటా పేలినప్పుడు పుట్టిన వాయువులు గుండును ముందుకు తోస్తూ, ఖాళీ డొల్లను వెనుకకు తోస్తాయి. డొల్లతో పాటు పిస్తోలు పైభాగం, దానిని స్లైడు అంటారు, వెనుకకు జరుగుతుంది. జరుగుతూ ఖాళీ డొల్లను బయటకు విసిరివేస్తుంది, సుత్తినో సూదినో మళ్లీ సిద్ధం చేస్తుంది, స్ప్రింగును అణచివేస్తుంది. అణగిన స్ప్రింగు దానిని మళ్లీ ముందుకు తోస్తుంది. ముందుకు వస్తూ పిడిలో ఉన్న మాగజైను నుంచి పైకి లేచిన కొత్త తూటాను పట్టుకొని గొట్టంలోకి నెట్టి, తలుపు మూసివేస్తుంది. ఇదంతా రెప్పపాటు కంటె తక్కువ కాలంలో జరుగుతుంది.

మగ్గం మీద నాడె ఒక పక్క నుంచి మరొక పక్కకు పోయి రావడం చూచినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నాడెకు తగినంత బరువు కావలె, పోవడానికి తగినంత వెడల్పు కావలె, చేయి సమంగా లాగవలె. ఇప్పుడు మగ్గాన్ని అరచేతి వెడల్పుకు కుదించి, నాడెను చింతగింజంత చేసి, దారం మాత్రం పాతదే వాడమంటే నేతగాడు ఏమంటాడు? చిన్న పిస్తోలులో జరిగేది ఇదే. స్లైడు తేలికదవుతుంది గనుక అది మరీ వేగంగా వెనుకకు పోకుండా స్ప్రింగును గట్టిది వేయవలసి వస్తుంది. స్ప్రింగు గట్టిదైతే వేళ్లలో బలం తక్కువైనవారు దానిని వెనుకకు లాగలేరు. స్లైడు పోయి వచ్చే దూరం కుదించుకుపోతుంది గనుక కొత్త తూటా పైకి లేవడానికి దొరికే వ్యవధి కూడ కుదించుకుపోతుంది. మాగజైను స్ప్రింగు ఏ కొంచెం అలసినా స్లైడు తూటా నెత్తి మీదుగా వట్టిగా వెళ్లిపోతుంది, లేక తూటాను వంకరగా పట్టుకొని ఇరికిస్తుంది. పెద్ద పిస్తోలు క్షమించే తప్పులను చిన్న పిస్తోలు క్షమించదు.

మరొక సూక్ష్మం ఉన్నది. స్లైడు వెనుకకు జరగవలెనంటే కింది చట్రం నిలకడగా ఉండవలె. పెద్ద పిస్తోలు చట్రం తన బరువుతోనే కొంత నిలుస్తుంది. చిన్నదానికి ఆ బరువు లేదు. దానిని నిలబెట్టవలసినది మనిషి మణికట్టు. పిడి మీద రెండు వేళ్లకే చోటుండి, మణికట్టు సడలితే, చట్రం కూడ స్లైడుతో పాటు వెనుకకు పోతుంది. స్ప్రింగు పూర్తిగా అణగదు, డొల్ల సగంలో చిక్కుకుంటుంది. అంటే ఈ యంత్రం నమ్మకం యంత్రంలోనే లేదు, సగం పట్టుకున్నవాని చేతిలో ఉన్నది. ఆ చేయి భయంతో వణికే చేయి కావచ్చు, గాయపడిన చేయి కావచ్చు. అమ్మకపు ప్రకటనలలో ఈ మాట కనిపించదు.

తూటా ఆకారం కూడ తగవులు తెస్తుంది. బ్రౌనింగే రూపొందించిన 7.65 మిల్లీమీటర్ల తూటా, మన దేశంలో 0.32 అని పిలిచేదానికి, అడుగున స్వల్పంగా బయటకు పొడుచుకొని వచ్చే అంచు ఉన్నది. మాగజైనులో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుకగా పడితే రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకుంటాయి. ఇక ఆ పిస్తోలు మాగజైను ఊడదీసి చేత్తో సవరించే దాకా ఊపిరి తీయదు. పొడుగైన పాత పద్ధతి గుండు ఉన్న తూటాలు మాగజైను నిండా అమరి, ముందుకు వెనుకకు జరగక, ఈ చిక్కు అంతగా తేలేదు. ఇటీవలి కాలపు పొట్టి గుండ్ల తూటాలు వాడినప్పుడు ఎక్కువగా తెస్తాయి. ఆయుధం మంచిదే, తూటా మంచిదే, రెండింటి పొత్తు చెడ్డది!

1929లో జర్మనీలోని వాల్థర్ కర్మాగారం పి.పి. అనే పిస్తోలును, కొద్దికాలానికే దాని తమ్ముడు పి.పి.కె.ను వెలువరించింది. సుత్తిని ముందుగా ఎత్తి ఉంచనక్కరలేదు. మొదటిసారి మీట నొక్కితే ఆ నొక్కుడే సుత్తిని ఎత్తి పడవేస్తుంది. తూటా ఒకవేళ పేలకపోతే రెండవమారు మీట నొక్కి అదే తూటాకు మరొక దెబ్బ ఇవ్వవచ్చు. గొట్టంలో తూటా ఉన్నదో లేదో చీకటిలో వేలితో తడిమి తెలుసుకోవడానికి ఒక చిన్న మేకు కూడ వెనుక భాగాన పెట్టారు. మనం మొదట చెప్పుకున్న రెండు నమ్మకాలకూ పొత్తు కుదర్చడానికి జరిగిన ప్రయత్నాలలో ఇది ఉత్తమమైనదని నా అభిప్రాయం. ఐరోపాలో పోలీసులు, గూఢచారులు, సైన్యాధికారులు దీనిని విరివిగా ధరించారు.

దీనికి లోకప్రసిద్ధి తెచ్చినది మాత్రం ఒక నవలాకారుడు. ఇయాన్ ఫ్లెమింగ్ కల్పించిన గూఢచారి జేమ్స్ బాండు మొదట 0.25 బెరెట్టా ధరించేవాడు. గ్లాస్గో నగరవాసి, ఆయుధాల విషయం బాగా ఎరిగిన జెఫ్రీ బూత్రాయిడ్ 1956లో రచయితకు ఉత్తరం రాసి, అది ఆడవారి పిస్తోలనీ, గూఢచారికి తగదనీ అభ్యంతరం చెప్పాడు. ఫ్లెమింగ్ ఆ విమర్శను స్వీకరించి, 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’ నవలలో నాయకుని చేతికి వాల్థర్ పి.పి.కె. ఇప్పించాడు. సలహా చెప్పిన పాత్రకు బూత్రాయిడ్ పేరే పెట్టాడు. ఇందులో చమత్కారం ఏమంటే, అసలు బూత్రాయిడ్ తన మొదటి ఉత్తరంలో మెచ్చుకున్నది వాల్థరును కాదు. సుత్తి బయటకు కనిపించని, బట్టలకు తగులుకోని ఒక అమెరికా రివాల్వరును. నవలలో నిపుణుని నోట పలికినది రచయిత అవసరం.

నవల వెలువడిన పదహారేళ్లకు పి.పి.కె.కు లండను నడివీధిలో పరీక్ష ఎదురైంది. 1974 మార్చి 20వ తేదీ రాత్రి రాకుమారి ఆన్, ఆమె భర్త ఒక కార్యక్రమం నుంచి బకింగ్‌హాం రాజభవనానికి తిరిగి వస్తున్నారు. మాల్ అనే రాజమార్గంలో ఒక కారు అడ్డంగా వచ్చి ఆగింది. అందులో నుంచి దిగిన ఇయాన్ బాల్ అనేవాని దగ్గర రెండు రివాల్వర్లు ఉన్నాయి. రాకుమారిని ఎత్తుకొనిపోయి ధనం రాబట్టాలని వాని పన్నాగం. అంగరక్షకుడు ఇన్‌స్పెక్టరు జేమ్స్ బీటన్ కిందికి దిగగానే బాల్ కాల్చిన గుండు ఆయన భుజంలో దిగింది. బీటన్ తన పి.పి.కె. తీసి ఒక్క గుండు పేల్చాడు. గాయపడిన భుజంతో పేల్చిన ఆ గుండు గురి తప్పింది. రెండవమారు పేల్చబోతే పిస్తోలు ఇరికిపోయింది. దానిని సవరించే బలం ఆ చేతిలో లేదు, వ్యవధి అంతకంటె లేదు.

అప్పుడు ఆయన చేసినది వినవలె. పని చేయని ఆయుధం చేతబట్టుకొని పారిపోలేదు. కారులోకి ఎక్కి రాకుమారికి, దుండగునికి మధ్య తన శరీరాన్ని అడ్డుపెట్టాడు. పేలబోతున్న గొట్టం ముందుకు చేయి చాచాడు. గుండు అరచేతిలో నుంచి దూసుకుపోయింది. మూడవ గుండు పొట్టలో దిగింది. కారు నడుపుతున్నవాడు, అటుగా పోతున్న ఒక పత్రికా రచయిత, పరుగున వచ్చిన ఒక పోలీసు కూడ గుండ్లకు గురియైనారు. దారిన పోతున్న మాజీ ముష్టియుద్ధ వీరుడొకడు దుండగుని తల మీద పిడికిలితో గుద్దాడు. చివరకు బాల్ పట్టుబడ్డాడు, గాయపడినవారందరూ బతికారు. బీటన్‌కు జార్జి క్రాస్ పతకం లభించింది. ఆ ఘటన తరువాత రాజకుటుంబ రక్షకుల వద్ద నుంచి పి.పి.కె.ను తొలగించారు.

ఆ రాత్రి పిస్తోలు ఎందుకు ఇరికిందో నిర్ణయించే సాహసం నేను చేయను. కాని ఇందాక మణికట్టును గురించి చెప్పుకున్న మాట ఇక్కడ జ్ఞాపకం చేసుకోవచ్చు. భుజంలో గుండు దిగిన మనిషి చేయి చట్రానికి ఎంత ఆధారం ఇవ్వగలదు? కర్మాగారంలో పరీక్షించేవాని భుజానికి గాయం ఉండదు. దుండగుని రివాల్వర్లు ఆ రాత్రి చక్కగానే పేలాయన్నది కూడ గమనించదగినదే. రివాల్వరులో చక్రాన్ని తిప్పేది తూటా బలం కాదు, వేలి బలం. ఒక తూటా చెడితే మీట మళ్లీ నొక్కినంతమాత్రాన మరొక తూటా ఎదుటికి వస్తుంది. చేయి సడలినా దానికి పట్టింపు లేదు.

అంతమాత్రాన రివాల్వరు దోషరహితమని అనుకోరాదు. మీట బరువైనది గనుక గురి చెదురుతుంది. మరీ తేలికైన లోహంతో చేసిన రివాల్వర్లలో, పేలినప్పటి అదురుకు, పేలని తూటాల గుండ్లు డొల్లలలో నుంచి ముందుకు జరిగి, చక్రానికి అడ్డం తగులుకొని నిలిపివేస్తాయి. పిస్తోలు ఇరికితే చేత్తో సవరించవచ్చు. రివాల్వరు బిగుసుకుంటే తరచు పనిముట్లు కావలసి వస్తుంది.

ఈ శతాబ్దంలో ప్లాస్టిక్కు చట్రాలతో మరీ తేలికైన పిస్తోళ్లు వచ్చాయి. 2008లో అమెరికాలో రూగర్ కంపెనీ వెలువరించిన ఎల్.సి.పి. అనే పిస్తోలు బరువు సుమారు 270 గ్రాములే. చొక్కా జేబులో వేసుకున్నా తెలియదన్నమాట. జనం విరగబడి కొన్నారు. అదే సంవత్సరం అక్టోబరులో, గొట్టంలో తూటా ఉండగా గట్టి నేల మీద పడితే పేలే అవకాశం ఉన్నదని కంపెనీయే ప్రకటించి, అమ్మినవాటిని వెనుకకు రప్పించి, భాగాలు మార్చి ఇచ్చింది. సుత్తితో కొట్టినా పేలదని ఐవర్ జాన్సన్ చాటిన శతాబ్దం తరువాత కూడ, పాత చిక్కు కొత్త వేషంలో ఎదురుపడింది. తప్పు తెలియగానే కంపెనీ బహిరంగంగా చెప్పడం మెచ్చదగినది. ప్రతి నిర్మాతా అట్లా చెప్పడు.

అక్కడ ఇటువంటి పిస్తోలు కొన్నవారిలో తెలివైనవారు పాటించే ఒక పద్ధతి ఉన్నది. తాము ధరించబోయే తూటాలనే చాందమారీలో వందకో, రెండు వందలకో తక్కువ కాకుండా పేల్చి, ఒక్కటి కూడ ఇరకకపోతేనే ఆ పిస్తోలును నమ్ముతారు. జేబులో చేరే దూది పోగులను, దుమ్మును తరచు తుడుస్తారు. తాళంచెవులు, చిల్లర పిస్తోలు ఉన్న జేబులో వేయరు. మీటను పూర్తిగా కప్పే తొడుగు లేకుండా ధరించరు.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఆయుధం ధరించడం హక్కు కాదు, అనుమతి. 1959 నాటి ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోదగిన ఆయుధాల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. ఎన్ని తూటాలు కొనవచ్చునో, ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చునో లైసెన్సు పత్రంలోనే రాసి ఉంటుంది. ఈ కట్టుబాటు మంచిదే. దానిని సడలించమని నేను అనను. కాని దాని వలన ఒక ఫలితం కలుగుతున్నది. లైసెన్సు ఉన్నవారిలో అనేకులు తమ పిస్తోలును ఎన్నడూ తగినంతగా పేల్చి చూడలేరు. కొన్న తూటాలు బంగారం వలె ఇనుప పెట్టెలో ఏళ్లకేళ్లు ఉండిపోతాయి. మన కోస్తా ఉక్కపోతలో ఉక్కు తుప్పు పట్టడానికి ఒక వానకాలం చాలు.

2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల ఆత్మరక్షణ కోసమని ‘నిర్భీక్’ అనే 0.32 రివాల్వరును వెలువరించింది. బరువు సుమారు 500 గ్రాములు, వెల లక్షా ఇరవై వేల రూపాయలకు పైన. 2012లో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తరువాత దేశం పడిన వేదనలో నుంచి ఆ పేరు పుట్టింది. పిస్తోలు గాక రివాల్వరును ఎంచుకోవడంలో యంత్రం విషయమైన వివేకం ఉన్నదని ఇంతవరకు విన్నవారు గ్రహించగలరు. కాని రాత్రి బస్సు కోసం నిలబడే పడుచుకు లక్ష రూపాయలు ఎక్కడివి? ఉన్నా, లైసెన్సు చేతికి వచ్చేసరికి ఎన్ని నెలలు? చేతి సంచి అడుగున పుస్తకాల కింద, అన్నం డబ్బా కింద ఉన్న ఆయుధం ఎన్ని క్షణాలకు చేతికి వస్తుంది? పేలుతుందా అన్న ప్రశ్నకు ముందే అందుతుందా అన్న ప్రశ్న ఉన్నది.

లైసెన్సు ఉన్నవారికి మరొక అనుభవం తెలిసినదే. ఎన్నికలు వస్తే తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమని ఉత్తరువులు వస్తాయి. ఆయుధం కొన్ని వారాలు అక్కడి కొట్టులో, చీటీ కట్టించుకొని, తోటి ఆయుధాల మధ్య పడి ఉంటుంది. తిరిగి వచ్చిన దానిని చాలామంది గుడ్డతో పైపైన తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. అట్లా చేయవద్దు. మాగజైను తీసి, గొట్టంలో తూటా లేదని రెండుసార్లు చూచుకొని, లైసెన్సు గల దుకాణంలోని పనివానికి చూపించి, స్ప్రింగులు, సూది, తుప్పు పరీక్ష చేయించుకోండి. డొల్ల మీద పచ్చని కిలుము పట్టిన తూటాలుంటే వేరుగా తీసిపెట్టి, వాటిని ఏమి చేయవలెనో ఆ దుకాణదారునే అడగండి. పిల్లలున్న ఇంటిలో పెట్టె తాళంచెవి గోడ మేకుకు వేలాడదీయకండి.